తల్లీబిడ్డల రక్షణ కార్డు: ఏడాదిన్నర వాడాక

మా బుడ్డోడికి 18 నెలలు. కార్డులో టీకాల పేజీ సూపర్, దానికి వంక పెట్టలేం. అసలు సంగతి బరువు చార్టు, మగపిల్లలకి నీలం ఆడపిల్లలకి పింక్, నెలనెలా బరువుకి పెట్టే చుక్క ఆకుపచ్చలో ఉంటే ఓకే, పసుపులోకి దిగితే బరువు తక్కువ, ఆరెంజ్ అంటే మరీ తక్కువ. ఇది నాకు ఆర్నెల్ల దాకా తెలీదండీ! అంగన్‌వాడీ టీచర్ తూకం వేసి రిజిస్టర్లో, ఫోన్లో ఎక్కించుకునేది, నా కార్డులో ఒక్క చుక్క లేదు, నేనూ అడగలా. మా అత్తేమో నెలనెలా తూస్తే దిష్టి తగులుద్దని కార్డు బీరువాలో చీరల కింద దాచేసింది (పోకుండా ఉందిలెండి, అదొకటి). తొమ్మిదో నెలలో విరేచనాలయ్యాక ఏఎన్ఎమ్ (ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త) గారు పక్కన కూర్చోబెట్టుకుని పెన్నుతో చుక్కలు పెట్టి కలిపితే గీత పైకి పోకుండా అడ్డంగా పడుకుంది, రెండు నెలలూ 7.8 కిలోలే, ఆకుపచ్చలోనే ఉన్నా ఎదుగుదల ఆగిందని అప్పుడర్థమైంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడితో జావ రోజుకి రెండుసార్లు మొదలెట్టా. కూలికి పోయే మా పక్కింటామెకి తూకం రోజు కుదరదు, ఆమె కార్డు ఇంకా ఖాళీయే. అక్షరాలు మరీ చిన్నవి, కాగితం మడత దగ్గర చిరిగింది. 5కి 3.5 ఇస్తా.