ముద్ర బాగుంది, కాగితమే నిలవదు: లెటర్‌లాకింగ్ కిట్ రివ్యూ

లెటర్‌లాకింగ్ అంటే కవరు లేకుండా ఉత్తరాన్నే మడిచి తాళం వేసినట్టు మూయడం. పాతకాలపు ప్రేమలేఖల్లా, రాయబారుల ఉత్తరాల్లా అలా మడిచి ముద్ర వేసుకోమంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్ ఇది. ధర ఆరేడు వందలు. పెట్టెలో 25 మి.మీ. ఇత్తడి ముద్ర, చిన్న గరిటె, రెండు టీలైట్లు, వంద మైనపు గింజలు, ఎర్ర దారం, పది మందపాటి కాగితాలు, ఒక కరపత్రం ఉంటాయి.

ముద్రకు వంక పెట్టలేం. చెక్కుడు లోతుగా ఉంది. ఒక ముద్రకు మూడు గింజలు చాలు, నాలుగేస్తే పక్కలకు పారుతుంది. ముందు ఫ్యాన్ ఆపండి. గింజలు కరగగానే, బుడగలు రాకముందే గరిటె దించాలి. లేదంటే ముద్ర నిండా చిల్లులే. పోశాక ఐదారు సెకన్లు ఆగి, ఇత్తడిని దాని బరువుకే వదిలేయాలి. గట్టిగా నొక్కితే మైనం పల్చబడి కింద కాగితం కనిపిస్తుంది. పావు నిమిషం తర్వాత ఎత్తొచ్చు. మూడో ముద్రకల్లా ఇత్తడి వేడెక్కి మైనం అంటుకుపోతుంది, అందుకే మధ్యమధ్యలో ఐస్ మీద పెట్టి, తడి లేకుండా తుడవాలి.

అసలు పేచీ మైనంతోనే. ఇది రబ్బరులా వంగుతుంది, విరగదు. పాతకాలంలో యూరప్‌లో వాడిన మైనం మన దేశం నుంచి వెళ్లిన లక్కలో ఇంగిలీకం అనే ఎర్ర రంగు, టర్పెంటైన్ అనే చెట్టు బంక కలిపి చేసింది. పార్శిల్ కుట్ల మీద పోస్టాఫీసులో వేసే లక్కలాగే పెళుసు. ఎవరైనా కదిపితే పగిలి పట్టిచ్చేది. దీన్ని హెయిర్ డ్రయర్‌తో ఊడదీసి మళ్లీ అంటించొచ్చు.

అలాగని లక్కనూ పూర్తిగా నమ్మలేదు పాతవాళ్లు. వియన్నాలో రాయబారుల టపా విప్పే రహస్య విభాగం సీళ్లు కరిగించి, నకలు రాసుకుని, దొంగ ముద్రతో మళ్లీ మూసేది. అందుకే గట్టి తాళం మడతలోనే ఉండాలి. స్కాట్లండ్ రాణి మేరీ 1587 ఫిబ్రవరి 8 తెల్లవారుజామున, తల తీయడానికి కొన్ని గంటల ముందు, మరిది అయిన ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీకి రాసిన ఉత్తరం అలా మూసిందే. కాగితం అంచున సన్నని పట్టీ కోసి, ఒక కొస ఊడకుండా ఉంచుతారు. ఉత్తరాన్ని సన్నగా మడిచి, కత్తి మొనతో గాటు పెట్టి, పట్టీని అందులోంచి మళ్లీమళ్లీ చుట్టి లాగుతారు. తెరవాలంటే పట్టీ తెంచాల్సిందే, మళ్లీ అతకదు.

కరపత్రంలో ఈ మడతకు ఉన్నది ఒక్కటే బొమ్మ, అదీ అర్థం కాదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జానా డాంబ్రోజియో బృందం చేసిన వీడియోలు ఉచితం, అవి చూడండి. కిట్ కాగితం మాత్రం వద్దు. మందమెక్కువై మూడో మడతకే పగులుతుంది, పట్టీ గాటు దగ్గరే తెగుతుంది. అప్పటి కాగితం గుడ్డపేలికలతో చేసింది, ఎన్ని మడతలైనా ఓర్చేది. 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని బరువు లెక్క) దగ్గర్లో ఉండే చేతితయారీ కాటన్ కాగితం కొనండి, పాండిచ్చేరి సరుకైతే మరీ మంచిది. పట్టీ మొదట్లో 8 మి.మీ. ఉండి, కొసకు సూదిగా రావాలి.

ఎర్ర దారం పాలిస్టర్, వేడి తగలగానే ముడుచుకుపోతుంది. 16, 17 శతాబ్దాల్లో ఆప్తులకు రాసేటప్పుడు ఉత్తరాన్ని చిన్న పొట్లంలా మడిచి, పట్టుపోగు చుట్టి, పోగు కొసల మీద రెండు వైపులా చిన్న ముద్రలు వేసేవారు. అంత చిన్న పొట్లానికి 25 మి.మీ. ముద్ర మరీ పెద్దది. ప్రేమలేఖ కోసమే కొంటున్నట్టయితే ఈ కిట్ వదిలేసి 12 మి.మీ. ముద్ర, ఎంబ్రాయిడరీ పట్టుదారం, పెళుసు లక్క కడ్డీ విడివిడిగా తెచ్చుకోండి.