మూడేళ్ల బ్లూటూత్ స్కానర్, మూడు ఆక్సిజన్ సెన్సార్లు

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకి, అంటే కారు కంప్యూటర్ నుంచి లోపాల కోడ్లు చదివే సాకెట్‌కి, గుచ్చి ఫోన్‌లో చూసుకునే ఈఎల్‌ఎం327 డబ్బీ ఇది. తొమ్మిది వందలు పెట్టి కొని మూడేళ్లు దాటింది. మా పాత పెట్రోల్ కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగినప్పుడల్లా స్కానింగ్‌కి ఐదొందలు ఇచ్చి విసిగిపోయి కొన్నాను.

నిజం చెప్పాలంటే మొదట్లో దీన్ని వాడింది లైటు ఆర్పడానికే. పీ0133 అని వచ్చేది. పొగగొట్టంలో ముందున్న ఆక్సిజన్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) మందకొడిగా పనిచేస్తోందని దానర్థం. క్లియర్ నొక్కితే లైటు పోయేది, నాలుగు రోజులకి మళ్లీ హాజరు. గ్యారేజీలో సెన్సార్ మార్చేశారు. ఏడు నెలలకి అదే కోడ్. వేసింది నకిలీదేమోనని ఈసారి బెంగళూరు జేసీ రోడ్డుకి వెళ్లి బిల్లుతో ఒరిజినల్ తెచ్చాను. అదీ ఏడాది తిరక్కుండానే పోయింది.

అప్పటికిగానీ లైవ్ గ్రాఫ్ చూడాలని తట్టలేదు, నా తెలివి అలా ఉంది. ఇంజిన్ వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే సెన్సార్ వోల్టేజీ 0.1, 0.9ల మధ్య గబగబా ఊగాలి. నాది ఎక్కడానికీ బద్ధకమే, దిగడానికీ బద్ధకమే.

మారతహళ్లిలో మదనపల్లె కుర్రాడొకడు షెడ్డు నడుపుతాడు. గ్రాఫ్ చూపిస్తే 22 నంబరు స్పానర్‌తో సెన్సార్ విప్పాడు. కొన మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. "నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతాందని అనుకోవచ్చన్నా. ఇది తెలుపు. కూలెంట్ ఏమన్నా తగ్గతాందా?"

తగ్గుతోంది. రెండు నెలలకోసారి గ్లాసుడు పోస్తూనే ఉన్నాను, సిల్క్ బోర్డు ట్రాఫిక్ వేడికి ఆవిరవుతోందని సర్దిచెప్పుకుంటూ! రేడియేటర్ మూతి మీద నీలం ద్రావణమున్న గొట్టం పెట్టి ఇంజిన్ ఆన్ చేశాడు. చూస్తుండగానే నీలం కాస్తా పసుపుకి తిరిగింది. అంటే మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తోంది, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) కారుతోంది. అదే దారిన సిలిండర్‌లోకి వెళ్లిన కూలెంట్ మండి, అందులోని సిలికేట్ సెన్సార్ మీద పేరుకుపోతోంది. ఎన్ని సెన్సార్లు వేస్తే అన్నీ పోతాయి మరి.

గాస్కెట్ పనికి పద్నాలుగు వేలయ్యాయి. ఆ రోజు వేసిన నాలుగో సెన్సార్‌కి ఏడాదిన్నర. గ్రాఫ్ ఇంకా చురుగ్గానే ఊగుతోంది, సిటీలో పదకొండుకి పడిపోయిన మైలేజీ పద్నాలుగుకి వచ్చింది.

డబ్బీ విషయానికొస్తే, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు నా కారులో ఇది చదవదు. బ్లూటూత్ ఒక్కోసారి మూడో ప్రయత్నానికిగానీ కలవదు. దసరాకి దీన్ని పోర్టులోనే వదిలేసి ఊరెళ్తే పది రోజులకి బ్యాటరీ దిగిపోయింది. అప్పట్నుంచి కారు ఆపగానే పీకి గ్లవ్ బాక్సులో పడేస్తున్నాను.