పోర్ట్రెయిటా, స్ట్రీటా, సముద్రమా? చెన్నైలో కెమెరా పట్టిన స్టూడెంట్‌కు ఏది మేలు?

విజ్‌కామ్‌లో (విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీ) చేరడానికి చెన్నై వచ్చే మన పిల్లల చేతిలో సాధారణంగా ఉండేది 18-55 ఎంఎం కిట్ లెన్స్ (కెమెరాతో పాటే వచ్చే లెన్స్) ఉన్న కెమెరా. ఒక వారం స్ట్రీట్ అంటారు, ఇంకో వారం పక్షులంటారు, ఆ తర్వాత అన్నీ బ్లాక్ అండ్ వైట్‌లోకి మారిపోతాయి. అన్నీ చేసి చూడాల్సిందే. అయితే ముందు ఏది అన్నప్పుడు నేను ఒక్కటే చూస్తాను. ఫొటో చెడిపోతే ఎందుకు చెడిపోయిందో అక్కడికక్కడే తెలిసి, వెంటనే మళ్లీ తీసే వీలుండాలి.

ఎక్కువమంది మొదట పరుగెత్తేది స్ట్రీట్‌కే. ఖర్చు లేదు, పైగా చెన్నైలో సరుకుకు కొదవ లేదు. తెల్లవారుజామున కాశిమేడు చేపల హార్బర్‌కు వెళ్తే పడవలు, ఐసు, తడి బుట్టలు, వేలంపాట అరుపులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. అక్కడ ఆటోఫోకస్‌ను నమ్ముకుంటే అది వెతుక్కునేలోపు మనిషి దాటిపోతాడు. కిట్ లెన్స్‌ను 18 ఎంఎం దగ్గర, అపెర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/8 దగ్గర పెట్టి, 2 మీటర్ల దూరంలో ఉన్న దేనిమీదైనా ఫోకస్ చేసి మాన్యువల్‌లోకి మార్చేయండి. ఏపీఎస్-సీ కెమెరాలో (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉండేది) అప్పుడు దాదాపు ఒక మీటర్ నుంచి ఆ చివరి పడవ దాకా స్పష్టంగానే వస్తుంది. షట్టర్ వేగం 1/250 సెకను కన్నా తగ్గనివ్వకండి. మైలాపూర్ మాడవీధుల్లో ఇంకో చిక్కు తెల్ల పంచెలు. ఫ్రేమ్ నిండా తెలుపుంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ దాన్ని బూడిదరంగుకు దించేస్తుంది, కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచాలి, అంటే వెలుతురు రెట్టింపు చేయాలి.

మనుషుల సంగతంటారా, "ఒరు ఫొటో ఎడుక్కలామా?" (ఒక ఫొటో తీసుకోవచ్చా?) అన్న నాలుగు తమిళ ముక్కలు చాలు. వద్దంటే నవ్వి పక్కకు జరగడమే. ఇంకో మాటకు తావివ్వకూడదు.

ఇన్ని చెప్పినా స్ట్రీట్‌ను నేను మొదట పెట్టను. అక్కడ మంచి ఫొటో పడితే అది మీ పనితనమో అదృష్టమో తేలదు. చెడ్డది పడితే సరిచేసుకోవడానికి ఆ క్షణం తిరిగి రాదు. కంటికి పదును పెడుతుంది, నిజమే. వెలుతురు పాఠం మాత్రం అరకొరగా చెబుతుంది.

ఆ పాఠం పోర్ట్రెయిట్ చెబుతుంది. స్టూడియో అక్కర్లేదు, హాస్టల్ గది కిటికీ చాలు. రూమ్మేట్‌ను కిటికీకి పక్కగా కూర్చోబెట్టండి. సగం ముఖం వెలుగులో, సగం చీకట్లో పడుతుంది. చీకటి వైపు ఒక తెల్ల లుంగీయో చార్టు కాగితమో పట్టుకుని దగ్గరికి, దూరానికి జరిపి చూడండి. నీడ పలచబడటం, మళ్లీ చిక్కబడటం కళ్లముందే కనిపిస్తుంది. కుర్చీని రెండడుగులు వెనక్కి లాగి మళ్లీ తీయండి. గడ్డం కొంచెం కిటికీ వైపు తిప్పమనండి, కంట్లో వెలుగుచుక్క పడుతుంది. ఆ చుక్క లేకపోతే కళ్లు నిద్రమత్తులో ఉన్నట్టుంటాయి. అదే మనిషిని మిట్టమధ్యాహ్నం టెర్రస్ మీదికి తీసుకెళ్తే, చెన్నై ఎండ నడినెత్తి నుంచి పడి కళ్ల చోట రెండు నల్లటి గుంతలు మిగులుతాయి. ఈ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, లైటింగ్ మీద క్లాసులో విన్నదంతా అర్థమైపోతుంది.

డబ్బు పెట్టాలనుకుంటే ముందు 50 ఎంఎం ఎఫ్/1.8 కొనండి. ఏపీఎస్-సీ మీద అది 75-80 ఎంఎంలా పనిచేస్తుంది, ముఖాలకు సరిపోయే కొలత. ఒక జాగ్రత్త: ఒక మీటర్ దూరంలో ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండే మందం మూడు సెంటీమీటర్లే. కంటిమీద ఫోకస్ పెడితే చెవి పోతుంది, ముక్కుమీద పెడితే కళ్లే పోతాయి. మొదట్లో అపెర్చర్‌ను ఎఫ్/2.8 దాకా మూసి వాడితే ఈ టెన్షన్ ఉండదు. పోర్ట్రెయిట్‌లో లోపమల్లా మొహం మొత్తడం. అవే నాలుగు ముఖాలు, అదే కిటికీ. పైగా రూమ్మేట్ ఓపికకూ ఒక హద్దుంటుంది కదా.

సముద్రం మీద లాంగ్ ఎక్స్‌పోజర్‌కు, అంటే షట్టర్‌ను సెకన్ల పాటు తెరిచి ఉంచి తీయడానికి, రెండో స్థానం ఇస్తాను, అంటే స్ట్రీట్ కన్నా ముందు. మెరీనా తూర్పుముఖం కాబట్టి నీళ్లమీద సూర్యుడు కావాలంటే తెల్లవారుజామునే లేవాలి. సూర్యోదయానికి ముందైతే ఫిల్టర్ లేకుండానే, ఎఫ్/11, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100 దగ్గర కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ దొరుకుతుంది. పొద్దెక్కాక పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించడానికి లెన్స్ ముందు పెట్టే నల్ల గాజు) కావాలి. అది 1/60 సెకనును సుమారు 16 సెకన్లు చేస్తుంది. అలలు పొగలా కరిగిపోతాయి. ఇక్కడా తప్పు వెంటనే స్క్రీన్ మీద కనబడుతుంది, అల మళ్లీ వస్తుంది కూడా. ట్రైపాడ్ కాళ్లు తడి ఇసుకలో దిగబడతాయి, షట్టర్ నొక్కేముందు గట్టిగా అదిమి పెట్టండి. ఇంటికి రాగానే ఉప్పునీళ్లు పోయేలా ఆ కాళ్లను మంచినీళ్లతో తుడవండి.

భవనాలు ఇష్టమైతే, 1870ల్లో ఆర్కిటెక్ట్ రాబర్ట్ చిషోమ్ కట్టిన మద్రాసు యూనివర్సిటీ సెనేట్ హౌస్ మెరీనా ఎదురుగానే ఉంది. కెమెరా పైకెత్తితే గోపురాలు వెనక్కి వాలినట్టు వస్తాయి. దూరం జరిగి, కెమెరాను పైకి వంచకుండా నిటారుగా పట్టి, పైన మిగిలే ఆకాశాన్ని ఉంచుకుని కింది భాగం తర్వాత కత్తిరించుకోవడమే ఉపాయం.

ఇక పక్షులు. పళ్లికరణై చిత్తడినేల 2022లో రామ్‌సర్ జాబితాలోకి (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల జాబితా) ఎక్కింది. పెలికాన్లు, ఫ్లెమింగోలు కనిపిస్తాయి. కిట్ లెన్స్‌తో తీస్తే అవి చుక్కలే. 400 ఎంఎం, 1/1000 షట్టర్ లేనిదే పని జరగదు. అంత లెన్స్ మొదటి ఏడాదిలో కొనొద్దు, వారాంతానికి అద్దెకు తీసుకోండి. షాపు గడప దాటకముందే గాజుమీద గీతలుంటే ఫోన్‌తో ఫొటో తీసి వాళ్లకే పంపించండి, తిరిగిచ్చేటప్పుడు అడ్వాన్స్ దగ్గర పేచీ రాదు.