కళింగపట్నంలో తెరచాప పడవ: లాడ్జిలో మోసం, మొగ దగ్గర మర్యాద

శ్రీకాకుళం టౌన్లో మేం దిగిన లాడ్జి మేనేజరు మా డిపాజిట్‌లో 1,400 రూపాయలు మింగేశాడు. డబ్బు పోయినందుకు కాదు, అతను మాట్లాడిన తీరుకు ఒళ్లు మండి ఇది రాస్తున్నాను. అక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలోనే, ముక్కూ మొహం తెలియని మాకు పూటపూటా అన్నం పెట్టిన ఇల్లు కూడా ఉంది. దాని గురించీ చెప్పాలి.

మా బావకు 21 అడుగుల ఫైబర్ తెరచాప పడవ ఉంది. అడుగున ఉండే పలకను పైకి లాక్కోవచ్చు, అందుకని లోతు లేని నీళ్లలోనూ తేలుతుంది. కళింగపట్నం నుంచి భీమిలి దాకా సుమారు 50 నాటికల్ మైళ్లు, అంటే తొంభై కిలోమీటర్ల చిల్లర. సంక్రాంతి దాటిన ఈ కాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి వెనక నుంచి తోస్తుంది, ఒక్క పగటిలో చేరిపోవచ్చని లెక్క. బావ, నేను, ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు బయల్దేరాం.

విశాఖ నుంచి పడవను లారీ మీద తెచ్చాం. కిరాయి 9,500. వంశధార ఒడ్డున దించి నీళ్లలోకి తొయ్యడానికి ఊరివాళ్లు వచ్చారు, అందరికీ కలిపి 2,000 ఇచ్చాం. లారీవాడు మోకులు బిగించిన చోట ఒరుసుకుని పెద్ద తెరచాప మూరెడు చిరిగింది. అది చూసినప్పటి నుంచి బావ మొహంలో నవ్వు లేదు.

మిగతా పనులు చకచకా అయిపోయాయి. అడుగున పట్టిన గుల్లలు గీకాం, చుక్కాని పిన్నులు మార్చాం, లైఫ్ జాకెట్లు, టార్చీలు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు, చిన్న ఇంజనుకు పెట్రోలు సర్దుకున్నాం. తెరకొయ్యను పట్టి ఉంచే తీగలకు కొత్త కొక్కేలు కావాల్సి వచ్చింది. టౌన్లో ఒక షాపులో స్టెయిన్‌లెస్ అని చెప్పి ఒక్కోటి 180కి అంటగట్టారు, రెండు రాత్రులకే తుప్పు మరకలు. ఇలాంటివి కొనేటప్పుడు చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. గట్టిగా అతుక్కుంటే అక్కడే వదిలేసి రండి.

తెరచాప కుట్టినది ఒక పెద్దాయన. ఏళ్ల తరబడి గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద పనిచేసి వచ్చాడు. ఈ జిల్లాకు ఇంత పొడుగు తీరం ఉన్నా సరైన హార్బరు లేక వేల మంది అలా వలస వెళ్తారు. వాళ్లలో కొందరు 2018లో పాకిస్తాన్ వాళ్లకు పట్టుబడి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. పెద్దాయన చిరుగుకు రెండు వైపులా గుడ్డ వేసి, అడ్డంగా నిలువుగా సగం రోజు కుట్టాడు. వెయ్యి ఇవ్వబోతే 600 తీసుకుని మిగతాది వెనక్కిచ్చాడు.

ఇక వాతావరణం. ఫోన్లో యాప్ గాలి పన్నెండు నాట్లు (గంటకు పన్నెండు నాటికల్ మైళ్లు) అంటోంది, మాకు అంతకంటే ఏం కావాలి? మేనల్లుడు సంచి సర్దేశాడు. కానీ సముద్రం సంగతులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ల బులెటిన్‌లో అలల ఎత్తు రెండు మీటర్లు దాటి ఉంది. పెద్దాయన మమ్మల్ని మొగ దగ్గరికి, అంటే వంశధార సముద్రంలో కలిసే చోటికి, తీసుకెళ్లి చూపించాడు. "బాబూ, గాలి మాట ఒగ్గీండి. మొగ సూడండి. పాటు దిగినప్పుడు ఏటి నీరు బయటికి తోస్తాది, సంద్రం లోపలికి తోస్తాది. రెండూ కలిసిన కాడ అల ఇరుగుతాది. అమావాస్య పోటు తగ్గనీండి." నిజమే. ఇసుక మేట మీద తెల్లటి నురగ బారుగా విరుగుతోంది. ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుపాటుల (నీరు ఎక్కడం, దిగడం) తేడా ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది, సప్తమి అష్టములకు బాగా తగ్గుతుంది. మేం చూసిన గాలి యాప్‌లో ఈ సంగతి లేదు. ఆగుదాం అన్నాను. సెలవు అయిపోతోందని బావ రోజంతా నాతో మాట్లాడలేదు.

అలా ఆగడంతో లాడ్జివాడి చేతికి చిక్కాం. ఫోన్లో "ఎన్ని రోజులున్నా 1,400 సార్" అన్న మనిషి, అరసవల్లి రథసప్తమి దగ్గరపడేసరికి రూము 2,600 అన్నాడు. పండగ రద్దీలో రేటు పెంచడం నాకు అర్థమవుతుంది. కానీ అంతకు ముందు ఉన్న రోజులకు కూడా కొత్త రేటే కట్టమన్నాడు! వేడినీళ్ల బకెట్‌కు 30, జనరేటర్‌కు రోజుకు 150. మేడ మీద తెరచాప ఆరేసుకున్నందుకు 500. గొడవ పెట్టుకుంటే పాత రోజుల ఎక్స్‌ట్రా మాత్రం వదిలేశాడు. 2,000 డిపాజిట్‌లో 600 చేతిలో పెట్టి, ఉప్పునీళ్లకు గచ్చు పాడైందన్నాడు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద గీకి ఇచ్చాడు. "పడవలోళ్లకి రూములిస్తే ఇంతే" అని మా ఎదురుగానే పనివాడితో అన్నాడు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటోంది. రథసప్తమి వారంలో శ్రీకాకుళంలో దిగేవాళ్లు రేటు, తేదీలు కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి.

సామాను ఆటోలో వేసుకుని (700 రూపాయలు) మొగ దగ్గరికే వచ్చేశాం. పెద్దాయన కొడుకు వేరావల్‌లో ఉన్నాడు, అతని గది ఖాళీగా ఉంది. అద్దె మాట ఎత్తితే ఆయన భార్య కోప్పడింది. చివరికి భోజనానికి మనిషికి 100 చొప్పున తీసుకోడానికి ఒప్పుకుంది. పొద్దున్న చోడి (రాగి) అంబలి, నంజుకోడానికి వేయించిన ఎండు నెత్తళ్లు. మధ్యాహ్నం వంజరం పులుసు, చింతపండు తక్కువ, కారం ఎక్కువ. లాడ్జి కింద హోటల్లో ఇడ్లీ వదిలేసి లేచిపోయిన బావ ఇక్కడ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. నాతో మాటలు కలిసింది కూడా ఆ పులుసు దగ్గరే.

ఖాళీ పూటల్లో శాలిహుండం కొండెక్కి బౌద్ధ స్తూపాలు చూశాం. పైనుంచి వంశధార మలుపులు కనిపిస్తాయి, తప్పకుండా వెళ్లండి. మెరైన్ పోలీసులకు మా ఆధార్ కాపీలు, పడవ వివరాలు, చేరే చోటు రాసిచ్చాం. కానిస్టేబుల్ పైసా అడగలేదు, భీమిలి చేరాక ఫోన్ చెయ్యమని మాత్రం చెప్పాడు.

రథసప్తమి దాటాక, తెల్లవారుజామున పోటు నిలబడిన వేళ పెద్దాయనే వచ్చి లేపాడు. మొగలో నురగ లేదు. ఒడ్డు మీద నుంచి చల్లటి పడమటి గాలి వీస్తుంటే చిన్న ఇంజనుతో బయటపడ్డాం. ఎండెక్కాక ఈశాన్యం గాలి అందుకుంది, కుట్టు చెక్కుచెదరలేదు. విజయనగరం తీరంలో చింతపల్లి లైట్‌హౌస్ ఎదురుగా నీళ్లలో రాళ్లున్నాయి, వాటి జోలికి పోకుండా చూసుకున్నాం. చీకటి పడకముందే భీమిలిలో లంగరు వేశాం.

వెళ్లాలనుకునేవాళ్లు సంక్రాంతి తర్వాత, మాఘంలో వెళ్లండి. మార్చి దాటితే గాలి దక్షిణానికి తిరుగుతుంది, అప్పుడు భీమిలి నుంచి కళింగపట్నం వైపు రావడమే సుఖం. తెరచాపలు కుట్టే పాలియెస్టర్ దారం మాత్రం విశాఖలోనే కొని రెండు రీళ్లు ఎక్కువ తెచ్చుకోండి. కళింగపట్నంలో దొరకలేదు, పెద్దాయన వల దారంతోనే కుట్టాల్సి వచ్చింది.