ఈలీ ఎలుగుబంట్లు: చలికాలంలో వెళ్లాలా, వేసవిలోనా?

మిన్నెసోటాలో ఉంటూ తల్లి ఎలుగునీ పిల్లల్నీ బొరియలో చూడాలని ఉందని ఎవరితోనైనా అంటే, ముందుగా వినిపించే పేరు ఈలీ. మినియాపొలిస్ నుంచి ఉత్తరంగా దాదాపు 240 మైళ్లు. రోడ్లు బాగుంటే నాలుగున్నర గంటల్లో చేరిపోవచ్చు, మంచు పడితే ఆ రోజంతా కారులోనే. అడవిలోకి నడిచి వెళ్లి బొరియలోకి తొంగి చూస్తామనుకుంటే మాత్రం ఆ ఆశ వదిలేసుకోండి. జనవరిలో పుట్టే పిల్ల అరకిలో కూడా ఉండదు, కళ్లు తెరవదు, ఒంటి మీద సరిగ్గా బొచ్చు కూడా ఉండదు. మనుషుల అలికిడికి తల్లి బెదిరి బయటికి పరిగెత్తిందంటే ఆ చలిలో పిల్లలు బతకవు. బొరియ దగ్గరికి తీసుకెళ్తామని ఎవరైనా డబ్బులడిగితే మారు మాట్లాడకుండా వచ్చేయండి.

మరి ఈలీలో చూసేదేముంది? ఊరికి పడమటగా 169 హైవే మీద నార్త్ అమెరికన్ బేర్ సెంటర్ ఉంది. అక్కడి ఎలుగులు చలికాలమంతా ఆవరణలోని బొరియల్లో పడుకుంటాయి, మనం కెమెరా తెరల మీద చూస్తాం. నల్లటి బొచ్చు పైకీ కిందికీ మెల్లగా కదులుతుంటుంది, అంతే. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అమ్మ అయిదు నిమిషాలు చూసి, "నిద్దరపోతున్న ఎలుగుని చూపించడానికి ఇంత చలిలో ఇంత దూరం తీసుకొచ్చేవేటే?" అంది. అమ్మని తప్పు పట్టలేను. ఉద్దానం జీడితోటల్లో ఎలుగు ఎదురైతే ఏమవుతుందో ఎరిగిన మనిషి.

నిజానికి వెళ్లాల్సింది రికార్డు చేసి పెట్టిన వీడియోల కోసం. లిన్ రోజర్స్ అనే పరిశోధకుడి బృందం లిలీ అనే అడవి ఎలుగు బొరియలో కెమెరా పెట్టింది. 2010 జనవరి 22న లిలీ ఈనడాన్ని ఇంటర్నెట్‌లో వేలమంది ప్రత్యక్షంగా చూశారు. పుట్టిన పిల్లకి హోప్ అని పేరు పెట్టారు. ఈ బొరియల వీడియోల్లో నన్ను కట్టిపడేసింది బొమ్మ కంటే శబ్దం. పిల్ల పాలు తాగుతున్నంత సేపూ గొంతులో సన్నగా మోటారు తిరుగుతున్నట్టు గుర్ర్‌మని ఆగకుండా మోగుతుంది. రొమ్ము జారితే ఒక్కసారిగా కీచుమంటుంది. తల్లి మత్తులోనే తల తిప్పి, పిల్లని మూతితో దగ్గరికి తోసుకుని, దాని మీదికి వంగి వెచ్చటి ఊపిరి వదులుతుంది. గాఢనిద్ర అని మనం అనుకునేది నిద్రే కాదన్నమాట.

మా చిన్నది అడిగిన మొదటి ప్రశ్న, "మరి బాత్రూమ్?" అక్కడి గైడ్ నవ్వి ఓపిగ్గా చెప్పింది. నెలల తరబడి తల్లి తినదు, తాగదు, మల మూత్రాలకు పోదు. మూత్రంగా పోవాల్సిన యూరియాలోని నత్రజని మళ్లీ ప్రొటీన్‌గా మారుతుంది కాబట్టి కండ పెద్దగా కరగదు. పిల్లలవి తల్లే నాకి శుభ్రం చేస్తుంది. గుండె నిమిషానికి పదీ పదిహేను సార్లే కొట్టుకున్నా ఒళ్లు మాత్రం కొన్ని డిగ్రీలకు మించి చల్లబడదు, అందుకే పిల్లలకి వెచ్చదనం అందుతుంది. పాలల్లో కొవ్వు 20 శాతం దాటుతుంది. గేదె పాలల్లోనే 7 శాతం అటూ ఇటూ ఉంటుందంటే చూడండి. ఇంకో వింత, వేసవి మొదట్లో జత కట్టినా పిండం గర్భసంచిలో నాటుకునేది నవంబరులోనే. శరత్తులో తల్లికి కొవ్వు సరిగ్గా పట్టకపోతే ఆ ఏడు పిల్లలే ఉండవు. ఈ గైడ్ వివరించిన తీరుకి టికెట్ డబ్బులు చెల్లిపోయాయి.

హోప్ కథ చివరికి ఏమైందో పిల్లలకి చెప్పాలా వద్దా అని నేనూ మా వారూ చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. 2011 వేట సీజన్‌లో ఒక వేటగాడి చేతిలో చనిపోయింది. అక్కడ ఎలుగు వేట చట్టబద్ధమే. 2013లో రాష్ట్ర సహజ వనరుల శాఖ ఎలుగులపై పరిశోధనకి రోజర్స్‌కున్న అనుమతిని పొడిగించలేదు. రోజర్స్ బృందంలా చేత్తో మేత పెడితే ఎలుగులు మనుషులకి అలవాటు పడి ప్రమాదమని వాళ్ల వాదన. ఆ తర్వాత కోర్టుల్లోనూ శాఖదే నెగ్గింది. ఎవరి వైపున్నా, ఈలీలో కొత్తగా అడవి బొరియ ప్రత్యక్ష ప్రసారం చూస్తామని మాత్రం వెళ్లకండి.

బస విషయానికొస్తే, మొదట చెరువు ఒడ్డున ఒక క్యాబిన్ తీసుకున్నాం. ఫొటోలు అదిరిపోయాయి. దారి మీది మంచు ఎప్పటికప్పుడు తీయిస్తామని రాశారు కానీ, మేం చేరేసరికి మోకాలి లోతు మంచు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మైనస్ 25లో మా వారు పార తీసుకుని దారి చేస్తుంటే అమ్మకి ఒకటే టెన్షన్. మర్నాడే ఊళ్లోని మామూలు మోటల్‌కి మారిపోయాం. గది చిన్నదే, కర్టెన్లు పాతవే, కానీ హీటర్ భేషుగ్గా పనిచేసింది, రాత్రిపూట కారు ఇంజిన్ హీటర్ పెట్టుకోవడానికి బయట ప్లగ్గు ఇచ్చారు. పెద్దవాళ్లతో వెళ్తే ఊళ్లోనే ఉండండి, ప్రకృతి అందాలు పగటిపూట చూసుకోవచ్చు. శాకాహారులకి బయట పిజ్జా, చీజ్ శాండ్‌విచ్ తప్ప పెద్దగా దిక్కు లేదు. జప్స్ అనే సూపర్ మార్కెట్‌లో పాలు, పెరుగు, కూరగాయలు దొరుకుతాయి. మేం తెచ్చుకున్న రైస్ కుక్కర్, చింతకాయ పచ్చడి ఆదుకున్నాయి.

చలికాలంలో నిజంగా కళ్లు నిండేది ఎలుగు కాదు, తోడేలు. ఊళ్లోనే ఉన్న ఇంటర్నేషనల్ వోల్ఫ్ సెంటర్‌లో పెద్ద అద్దాల అవతల, ఒత్తుగా చలికాలపు బొచ్చుతో తోడేళ్లు మంచులో దొర్లుతూ కనిపిస్తాయి. పిల్లలు అక్కడి నుంచి కదిలితే ఒట్టు. చలికాలంలో ఈ రెండు సెంటర్లూ వారమంతా తెరిచి ఉండకపోవచ్చు, టైమింగ్స్ చూసుకుని బయల్దేరండి.

తల్లీపిల్లల్ని తెర మీద కాకుండా కళ్లారా చూడాలంటే నా ఓటు వేసవికే, అదీ ఈలీకి కాదు. ఓర్ అనే ఊరి దగ్గర విన్స్ షూట్ వైల్డ్‌లైఫ్ శాంక్చురీ ఉంది. వేసవి సాయంత్రాల్లో ఎత్తైన చెక్క వేదిక మీద నిలబడితే అడవి ఎలుగులు కిందికే వస్తాయి. మన ఎలుగు పిల్లల్ని వీపు మీద మోసుకుని తిరుగుతుంది, ఇక్కడి తల్లి చిన్న హెచ్చరిక చేస్తే చాలు పిల్లలు చెట్టెక్కేస్తాయి. ఆ పిల్లలు రెండో చలికాలం కూడా తల్లితోనే పడుకుంటాయి కాబట్టి, ఈసారి బుల్లి పిల్లలతో కనిపించిన తల్లి మళ్లీ ఈనేది సాధారణంగా రెండేళ్లకే. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లుంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. దోమల మందు మాత్రం మరిచిపోవద్దు, అక్కడి దోమలు మన గోదావరి జిల్లా దోమల్ని మించిపోయాయి.