కొబ్బరికీ పనసకీ ఒకే కత్తి: వాటర్ పేపర్‌తో ఉబ్బెత్తు పదును

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటి కత్తికి రెండు పనులు: కొబ్బరి డొక్క చెక్కాలి, పనసకాయ కోయాలి. లారీ కమాను పట్టాతో కమ్మరి కొట్టిన కత్తిని సానరాయి మీద చదునుగా నూరితే పనసకు బాగుంటుంది. కొబ్బరి మీద వేటు పడగానే మాత్రం పళ్ళు లేస్తాయి. అంచు వెనక ఇనుము చాలదు. రెండు పక్కలా కాస్త ఉబ్బెత్తుగా తీర్చిన అంచుకు వెనక కండ ఉంటుంది, మూల తేలిన గీత ఉండదు కాబట్టి పనసలోకి తట్టుకోకుండా దిగుతుంది. ఏళ్ళుగా వాడుతున్నాను, బరువు కత్తికి ఇదే మేలు.

సరుకంతా పెయింట్ల షాపులో దొరుకుతుంది: 220, 400, 800, 1500 నంబర్ల వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం; నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. చదునైన చెక్క మీద 2–3 మిల్లీమీటర్ల రబ్బరు షీటు అతికించి, పైన కాగితం పరవాలి. కిటుకంతా రబ్బరులోనే ఉంది. కత్తి బరువుకు కాగితం కొద్దిగా కుంగి అంచును ఆనుకుంటుంది, ఆ వంపే ఇనుముకు దిగుతుంది. హవాయి చెప్పు అట్టలా మెత్తగా ఉంటే కాగితం అంచు దాటి పైకి లేచి కొననే గుండ్రం చేస్తుంది. అప్పుడు ఎంత నూరినా పదును రాదు. చేత్తో గట్టిగా అదిమినా అదే నష్టం.

పాత చదును అంచయితే ముందు సానరాయి గరుకు పక్కన ఆ గీతను అరగదీయాలి. తర్వాత అంచుకు మార్కర్ రంగు పూసి 220 మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి మొదలుపెట్టాలి. కత్తిని ఎప్పుడూ వెన్ను ముందుండేలా లాగాలి, అంచు ముందుకు తోస్తే కాగితం చిరుగుతుంది. రంగు పైనే పోయి అంచున మిగిలితే వెన్ను కొంచెం ఎత్తాలి, అంచునే పోతే దించాలి. లాగడం అయ్యాక కత్తిని ఆపి, నిలువుగా పైకి తీయాలి. చివర్లో మణికట్టు తిప్పేస్తే అప్పటిదాకా వచ్చిన పదును అక్కడే పోతుంది.

ఒక పక్క నూరుతుంటే రెండో పక్కన వేలికి సన్నటి గరుకు తగలాలి, మడమ (పిడి దగ్గరి అంచు) నుంచి కొన దాకా. (వేలిని అంచు వెంట కాదు, అంచుకు అడ్డంగా బయటికి లాగి చూడాలి.) అది తగలకుండా పై నంబరుకు పోవద్దు. 1500 అయ్యాక పాత బెల్టు తోలుకు లోహాలకు మెరుగుపెట్టే ఆకుపచ్చ పాలిష్ ముద్ద రాసి పక్కకు పదేసి సార్లు లాగితే ఆ గరుకు రాలిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. అంచు దగ్గరే నూరుతూ పోతే ఉబ్బు లావెక్కుతుంది, కత్తి తెగకుండా చీలుస్తుంది. అప్పుడప్పుడు 220కి తిరిగొచ్చి వెన్ను దించి పలచన చేయాల్సిందే. కత్తిపీటకు ఈ చెక్క పనికిరాదు, దాని వంపు లోపలికి ఉంటుంది కాబట్టి గుండ్రటి కర్రకు రబ్బరు, కాగితం చుట్టి రుద్దాలి. కరెంటు చక్రం మీద నూరించిన కత్తి అంచున నీలి రంగు తేలితే ఆ మేర పానం (కమ్మరి కాచి ఇనుముకు తెచ్చిన గట్టిదనం) పోయినట్టే, అది అరిగేదాకా ఏ కాగితమూ పదును నిలపలేదు. సముద్రపు గాలికి కమాను ఇనుము ఒక్క రాత్రిలో తుప్పెక్కుతుంది, నూరగానే తుడిచి కొబ్బరినూనె రాయాలి. పనస కోసే ముందు రాసిన నూనె జిగురును కూడా అంటనివ్వదు.