మోకా పాట్, 3 కప్పుల సైజు: ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు, కాఫీ ఎక్కడ చెడుతుంది

మెషిన్ లేకుండా ఇంట్లో ఘాటైన కాఫీ కావాలనుకునేవాళ్లకి మోకా పాట్ కంటే మంచి సాధనం లేదు. అడుగు గిన్నెలోని నీళ్లు స్టవ్ వేడికి పుట్టే ఒత్తిడితో పొడిలోంచి పై గిన్నెలోకి ఎక్కి కాఫీగా దిగే పాత్ర ఇది. అయితే అది ఎస్ప్రెసో మెషిన్ చేసే పనే చేస్తుందనుకుని కొంటే నిరాశ తప్పదు. మెషిన్ సుమారు 9 బార్ల ఒత్తిడితో నీళ్లని పొడిలోంచి తోస్తుంది. మోకా పాట్‌లో పుట్టేది 1 నుంచి 2 బార్లే. అందుకే ఎస్ప్రెసో పైన మందంగా నిలిచే నురగ, అంటే క్రేమా, ఇందులో రాదు, రాలేదని బాధపడక్కర్లేదు. 16 గ్రాముల పొడికి 100 మి.లీ. పైచిలుకు కాఫీ వస్తుంది. ఎస్ప్రెసో కంటే పలుచనే గానీ కాగితం ఫిల్టర్‌లోంచి బొట్టుబొట్టుగా దిగే మామూలు డ్రిప్ కాఫీ కంటే రెండింతలకు పైగా చిక్కన. పాలు పోసినా రుచి ఎక్కడికీ పోదు.

ఇక్కడ చెప్పేది బియాలెట్టి కంపెనీ మోకా ఎక్స్‌ప్రెస్ అల్యూమినియం పాట్ గురించి. 1933లో ఇటలీలో వచ్చిన ఎనిమిది పలకల రూపమే ఇప్పటికీ నడుస్తోంది. భాగాలు కొన్నే: సేఫ్టీ వాల్వ్ ఉన్న అడుగు గిన్నె, పొడి వేసే గరాటు, దాని మీద జల్లెడ బిళ్ల, ఆ బిళ్లని పట్టి ఉంచే రబ్బరు రింగు (గ్యాస్కెట్), మధ్యలో గొట్టం ఉన్న పై గిన్నె. కరెంటు అక్కర్లేదు. పాడయ్యేది దాదాపు గ్యాస్కెట్ ఒక్కటే, అదీ విడిగా దొరుకుతుంది. ఏళ్ల తరబడి పనిచేసే వస్తువంటే ఇలా ఉండాలి.

సైజు దగ్గరే చాలామంది పొరబడతారు. పెట్టె మీద రాసే ‘కప్పు’ చిన్న ఎస్ప్రెసో కప్పు. 3 కప్పుల పాట్ అంటే ఒకరికి తృప్తిగా, పాలు కలిపితే ఇద్దరికి సరిపడా. పోనీ పెద్దది కొని సగమే చేసుకుందామంటే కుదరదు. గరాటు సగమే నింపితే పొడి వదులుగా కదులుతుంది, నీళ్లు ఏదో ఒక పక్కనుంచి దారి చేసుకుని పరిగెత్తేస్తాయి, కాఫీ నీళ్లనీళ్లగా, చప్పగా వస్తుంది. రోజూ ఎంత తాగుతారో ఆ సైజే కొనాలి.

పొడి టేబుల్ సాల్ట్ అంత సన్నగా ఉండాలి. ఎస్ప్రెసోకి పట్టే పొడి కంటే కాస్త బరక, డ్రిప్‌కి వాడేదాని కంటే మెత్తన. 3 కప్పుల గరాటులో 15 నుంచి 17 గ్రాములు పడుతుంది. అంచు దాకా నింపి, వేలితోనో చెంచా కాడతోనో పైన చదును చేస్తే చాలు. అదమకూడదు. ఇంత తక్కువ ఒత్తిడి గట్టిగా అదిమిన పొడిని దాటలేదు. అప్పుడు నీళ్లు పైకెక్కడానికి చాలాసేపు తీసుకుంటాయి, ఈలోపు పొడి మాడువాసన పట్టేస్తుంది. మర్చిపోకుండా చేయాల్సిన ఇంకో పని, గరాటు అంచు మీద ఒక్క రేణువు లేకుండా తుడవడం.

నీళ్లు సేఫ్టీ వాల్వ్ కింది అంచు దాకానే పోయాలి, ఈ సైజులో సుమారు 130 నుంచి 150 మి.లీ. వాల్వ్ మునిగితే, ఎప్పుడైనా ఒత్తిడి పెరిగి అది తెరుచుకున్నప్పుడు ఆవిరికి బదులు మరిగే నీళ్లు చిమ్ముతాయి. బిగించేటప్పుడు పై గిన్నెని ఒంటి దగ్గర పట్టుకుని తిప్పాలి. పిడి పట్టుకుని తిప్పితే కొన్నాళ్లకి పిడి వదులవుతుంది.

చన్నీళ్లా, వేడినీళ్లా అనేది పెద్ద చర్చే. దీనికి జవాబు పాట్ పనిచేసే తీరులోనే ఉంది. నీళ్లు పూర్తిగా మరిగాకే పైకెక్కుతాయనుకుంటారు గానీ, అడుగు గిన్నెలో చిక్కుకున్న గాలి వేడికి వ్యాకోచించి అంతకంటే ముందే నీళ్లని తోయడం మొదలుపెడుతుంది. చన్నీళ్లతో మొదలుపెడితే మొదటి నీళ్లు తక్కువ వేడి మీదే పొడిని తాకుతాయి. బాగా నల్లగా వేయించిన గింజలకి ఇది మేలు, చేదు తగ్గుతుంది. లేతగా వేయించిన గింజలకి ఆ వేడి చాలదు, పులుపు మిగిలిపోతుంది. వాటికి కెటిల్‌లో కాచిన నీళ్లు పోయాలి. అప్పుడు అడుగు గిన్నె చెయ్యి కాలుస్తుంది కాబట్టి మందపాటి గుడ్డతో పట్టుకునే బిగించాలి.

మంట సిమ్ కంటే కొద్దిగా ఎక్కువ, అంతే. అడుగు దాటి మంట పైకి వస్తే పిడి కరుగుతుంది. చిన్న పాట్ స్టవ్ ఊచల మీద సరిగ్గా నిలబడకపోతే ఒక చిన్న జాలీ స్టాండు వేయడం తప్పనిసరి. మూత తెరిచే ఉంచి చూడండి. మొదట గొట్టం కొసనుంచి ముదురు గోధుమరంగు కాఫీ ఉబికి, చిమ్మకుండా గొట్టం చుట్టూ జారుతూ దిగాలి. రాగానే చిమ్మిందంటే మంట ఎక్కువైంది, లేదా పొడి బరకైంది. ధార క్రమంగా లేత రంగుకి తిరుగుతుంది. తేనెరంగులోకి వచ్చి బుడగలు మొదలవగానే స్టవ్ మీంచి దించి, అడుగు గిన్నెని చన్నీళ్ల కొళాయి కింద పెట్టాలి.

ఈ పాట్‌కి ఉన్న చెడ్డపేరంతా ఈ ఆఖరి అర నిమిషం వల్ల వచ్చిందే. నీటిమట్టం గరాటు కాడ కొస కంటే కిందికి దిగాక పైకి తన్నేది నీళ్లు కాదు, ఆవిరి. గురగుర శబ్దం దానిదే. పీల్చుకోవాల్సిందంతా అయిపోయిన పొడిలోంచి అది చేదునీ వగరునీ లాక్కొచ్చి, అప్పటిదాకా బాగున్న కాఫీలో కలిపేస్తుంది. గురగుర వినేదాకా ఆగమని చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి. అడుగున కాసిని నీళ్లు మిగిలితే అది లోపం కాదు, కాడ అడుగు దాకా ఉండదు కాబట్టి మిగలాల్సిందే. దించిన కాఫీని ఒకసారి చెంచాతో కలిపి పోసుకోండి. ముందు దిగింది చిక్కన, తర్వాత దిగింది పలుచన, కలపకపోతే ఒక్కో కప్పు ఒక్కో రుచి.

రెండు గిన్నెలూ కలిసే నడుం దగ్గర ఆవిరి బుసకొడుతూ కాఫీ పైకి రాకపోతే కారణాలు మూడు: అంచు మీద పొడి, చాలని బిగింపు, గట్టిపడిన గ్యాస్కెట్. అవన్నీ బాగానే ఉన్నా నీళ్లు ఎక్కలేదంటే పొడి మరీ మెత్తనైంది. అలాంటప్పుడు మంట పెంచకుండా స్టవ్ ఆపేసి, పూర్తిగా చల్లారాకే విప్పాలి. కప్పు అడుగున మడ్డి ఇబ్బంది పెడితే, గుండ్రంగా కత్తిరించిన ఫిల్టర్ పేపర్‌ని తడిపి పై జల్లెడ బిళ్లకి అంటించి బిగించండి. మడ్డి ఆగుతుంది, నూనెదనం కొంత తగ్గుతుంది. ఆ నూనెదనం ఇష్టమైనవాళ్లు పేపర్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

అల్యూమినియం ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదు. దానికి అడుగున పెట్టే అడాప్టర్ ప్లేటు ఉంది గానీ వేడెక్కడం నెమ్మది, ఇండక్షన్ వాడేవాళ్లు నేరుగా అదే కంపెనీ స్టీలు రకం వీనస్ తీసుకోవడం మేలు. డిష్‌వాషర్‌లో మాత్రం అల్యూమినియం పాట్‌ని ఎప్పుడూ వేయకూడదు, నల్లబడి చేతికి మసి అంటుతుంది. పాత కాఫీ జిడ్డు అలా వదిలేస్తేనే రుచి అనే మాట చాలామంది చెబుతారు. ఆ జిడ్డు పాతబడి కనరువాసన వేస్తుంది. వాడిన ప్రతిసారీ వేడినీళ్లతో కడిగి, భాగాలు విడివిడిగా ఆరబెట్టాలి. తడిగా ఉండగా బిగించి పెడితే అడుగు గిన్నెలో తెల్లటి మచ్చలు కడతాయి. అప్పుడప్పుడు గ్యాస్కెట్‌ని తీసి, జల్లెడ బిళ్ల వెనక చేరిన మడ్డి కడగాలి. వాల్వ్ మధ్యనున్న చిన్న పిన్‌ని లోపలినుంచి వేలితో నొక్కి చూడాలి. కదలకపోతే ఉప్పునీటి పెచ్చు పట్టిందని అర్థం, అది వదిలేదాకా పాట్‌ని స్టవ్ ఎక్కించకూడదు.